పటిక మడ్డి పనితనం

బిందెడు బురద నీళ్లలో పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పి మూత పెడితే తెల్లవారేసరికి పైన తేట, అడుగున మడ్డి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఒడ్డు ఊళ్లలో ఇది ఇంటింటి పని. తేట వంచుకుని మడ్డిని పెరట్లో పారబోసేవారు. నగరాల నీటిశుద్ధి కేంద్రాల్లోనూ ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. పెద్ద తొట్టెల్లో మడ్డి దిగుతుంది, దాన్ని గుంటల్లోకి మళ్లిస్తారు, నీళ్లు ఇంకాక లారీలకెత్తి ఎక్కడో పోసి వస్తారు. ఆ పారబోసే మడ్డికి రెండో పని అప్పజెప్పిన శాస్త్రవేత్తల గురించి ఈ వ్యాసం. పొలాల నుంచి చెరువుల్లోకీ సముద్రపు పాయల్లోకీ కొట్టుకుపోయే భాస్వరాన్ని వాళ్లు ఈ మడ్డితోనే పట్టించారు. 1990ల నుంచి అమెరికాలో, ఆ తర్వాత ఐర్లండ్‌లో జరిగిన ఈ పనిని దగ్గరగా చూసినకొద్దీ దాని మీద గౌరవం పెరుగుతుంది.

ముందు భాస్వరం సంగతి. పైరుకు అది లేనిదే వేరు పట్టదు, గింజ నిండదు. అందుకే డీఏపీ, కోళ్ల పెంట, పశువుల ఎరువు. కానీ ఏళ్ల తరబడి పైరు తీసుకునేదానికి మించి పడితే మిగిలింది మట్టి దాచుకుంటుంది. దాచుకునే చోటు నిండాక వానపడ్డప్పుడల్లా కొంత వదులుతుంది. ఏడాదికి ఎకరా నుంచి అరకిలో భాస్వరం పోయిందంటే రైతు లెక్కలో అది నష్టం కిందికే రాదు. నీటి లెక్క వేరు. లీటరుకు 0.02, 0.03 మిల్లీగ్రాములు దాటితే చాలు, నిలవనీరు పచ్చబడటం మొదలవుతుంది. ఈ రెండు లెక్కల మధ్య దూరమే మొత్తం చిక్కు. రైతు తప్పేమీ చేయకపోయినా చెరువు చెడిపోతుంది.

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనం రెండు మూడు రోజులపాటు కొళాయి నీళ్లు నోట పెట్టలేకపోయారు. ఈరీ సరస్సులో పెరిగిన పాచి విడిచిన విషం శుద్ధి కేంద్రం దాటి వచ్చింది. కాచి తాగుదామన్నా వీల్లేదు. కాస్తే ఆవిరయ్యేది నీరే, విషం ఇంకా చిక్కబడుతుంది. ఆ సరస్సులోకి మామీ నది మోసుకొచ్చే భాస్వరంలో ఎక్కువ భాగం పొలాలదే. తూర్పు తీరాన చెసపీక్ అఖాతం చుట్టూ ఇదే కథ, అక్కడ కోళ్ల పెంట రూపంలో. డెల్మార్వా ద్వీపకల్పంలో ఏటా యాభై కోట్లకు మించి కోళ్లు పెరుగుతాయి. వాటి పెంట దశాబ్దాలుగా పక్క పొలాల్లోకే వెళ్తోంది.

మట్టితో పాటు కొట్టుకొచ్చే భాస్వరాన్ని ఆపడానికి మార్గాలున్నాయి. గట్ల వెంట గడ్డి పెంచితే మట్టి అక్కడే నిలిచిపోతుంది. నీటిలో కరిగిన భాస్వరం మాత్రం గడ్డి మధ్యనుంచి నీటితోపాటే జారిపోతుంది. పాచికి సులువుగా అందేది కూడా ఆ కరిగినదే. ఎరువు వేయడం ఈరోజు ఆపేసినా, నిండిపోయిన మట్టి ఖాళీ కావడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఆ కరిగిన భాస్వరాన్ని దారిలో నిలేసి పట్టుకోవాలి. పట్టుకునే వస్తువు చవకగా, బోలెడంత దొరకాలి. పటిక మడ్డి రంగంలోకి వచ్చేది ఇక్కడే.

పటిక నీళ్లలో కరగ్గానే అందులోని అల్యూమినియం నీటిలోని క్షారగుణంతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది. మెత్తని తునకలుగా విడివడి, తేలుతున్న బంకమట్టి రేణువుల్ని తనలో చుట్టుకుని అడుగుకు దిగుతుంది. ఇదంతా క్షణాల్లో మొదలై గంటల్లో ముగిసే పని. అంత తొందరలో పుట్టిన పదార్థానికి స్ఫటికంగా కుదురుకునే తీరిక ఉండదు. అణువులు వరస కట్టవు, ఎక్కడివక్కడే అడ్డదిడ్డంగా ఆగిపోతాయి. ఆ అస్తవ్యస్తమే ఈ మడ్డి బలం. చక్కగా కుదిరిన స్ఫటికంలో బయటివాటిని అందుకోగల తావులు అంచుల్లోనే ఉంటాయి. ఇందులో లోపలా బయటా అన్నీ తావులే.

భాస్వరం నీళ్లలో ఫాస్ఫేట్ రూపంలో తిరుగుతుంది. మడ్డి రేణువు దగ్గరికి వచ్చిన ఫాస్ఫేట్ అక్కడ అల్యూమినియాన్ని అంటుకుని ఉన్న హైడ్రాక్సిల్‌ను తోసేసి ఆ చోట తాను బంధం వేసుకుంటుంది. పైపైన తగులుకోవడమైతే ఇంకో ఉప్పు రాగానే ఊడిపోయేది. ఇది రసాయన బంధం, అంత తేలిగ్గా తెగదు. శుద్ధి కేంద్రంలో ఈ పదార్థానికి ఇచ్చిన పని బురదను దించడం వరకే. ఫాస్ఫేట్‌ను పట్టే తావుల్లో చాలామటుకు అప్పటికింకా ఖాళీగానే ఉన్నాయి. ఆ ఖాళీని గుర్తించడమే ఈ పరిశోధకుల మొదటి గొప్ప అడుగు అని నేననుకుంటాను. కొత్త పదార్థం తయారు చేయకుండా, ఉన్నదానిలో మిగిలిపోయిన శక్తి ఎంతో లెక్క కట్టారు.

ఆ లెక్కలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జరిగిన పని ముచ్చటైనది. కాన్‌స్టాంటినోస్ మాక్రిస్, విల్లీ హారిస్, జార్జ్ ఓకానర్ అక్కడ ఎండిన మడ్డి రేణువు లోపల ఏముందో చూడాలనుకున్నారు. రేణువుల ఉపరితలం కొలవడానికి మామూలుగా నైట్రోజన్ వాయువు వాడతారు. సున్నాకు 196 డిగ్రీలు దిగువ చలిలో ఆ వాయువును రేణువు మీదికి పంపి ఎంత అంటుకుందో చూస్తారు. అంత చలిలో నైట్రోజన్ మందగిస్తుంది, అతి సన్నని రంధ్రాల్లోకి దూరలేదు. అందుకని కార్బన్ డయాక్సైడ్‌తో సున్నా డిగ్రీల దగ్గర మళ్లీ కొలిచారు. రెండో కొలత చాలా ఎక్కువ చూపించింది. రెండింటి తేడాలోంచి బయటపడ్డ సంగతి ఏమిటంటే రేణువు నిండా నానోమీటరు లెక్కలోని రంధ్రాలున్నాయి. భాస్వరం ముందు పైన చకచకా పట్టుకుంటుంది, ఆ తర్వాత వారాల తరబడి నెమ్మదిగా ఆ సందుల్లోకి దిగుతుంది. దిగినది మళ్లీ బయటకు రావడం చాలా కష్టం. పట్టిన భాస్వరాన్ని మడ్డి ఎందుకు వదలదన్న ప్రశ్నకు 2004లో వాళ్లు ప్రచురించిన ఈ వివరణ ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉంది.

మడ్డి అంతా ఒక్కటి కాదు. ఒక్కో కేంద్రానికి ఒక్కో నది, ఒక్కో పటిక మోతాదు, ఒక్కో రకం బురద. 1999లో ప్రచురించిన ఒక్లహామా ప్రయోగంలో కోళ్ల పెంట వేసిన గడ్డి భూముల మీద రెండు కేంద్రాల మడ్డిని పోల్చి చూశారు. రెండూ ఒకేలా పనిచేయలేదు. బాగా పనిచేసిన మడ్డిని హెక్టారుకు దాదాపు 45 టన్నుల చొప్పున వేసినప్పుడు, పారే నీటిలో లీటరుకు 15 మిల్లీగ్రాములున్న కరిగిన భాస్వరం ఎనిమిది తొమ్మిది మిల్లీగ్రాములకు దిగింది. తేడా ఎక్కడుందంటే ఆ కుదురుకోని అల్యూమినియం పాలులో. దాన్ని కొలిచే పద్ధతిని ఎలిజబెత్ డేటన్, నిక్ బస్తా పదును పెట్టారు. మడ్డిని ఆమ్ల గుణమున్న ఆక్సలేట్ ద్రావణంలో చీకట్లో కుదుపుతారు. వెలుతురు తగిలితే ఆక్సలేట్ స్ఫటిక రూపంలోని ఇనుమును కూడా కరిగించి లెక్క తప్పిస్తుంది, అందుకే చీకటి. ఆ ద్రావణంలోకి వచ్చిన అల్యూమినియం ఎంతో తెలిస్తే ఆ మడ్డి ఎంత భాస్వరం పట్టగలదో ముందే చెప్పవచ్చు. ఏ లారీ మడ్డి పనికొస్తుందో, ఏది వట్టి మట్టో పొలానికి తోలకముందే తేలిపోతుంది. చూడటానికి చిన్న పరీక్షే, కానీ ఇది లేకపోతే మిగతాదంతా ఊహాగానమే.

మడ్డిని ఎలా వాడాలన్న దానికి రెండు దారులు తయారయ్యాయి. ఒకటి, పొలంలో చల్లి మట్టిలో కలపడం. ఫ్లోరిడాలో ఒకీచోబీ సరస్సు చుట్టూ ఉన్న ఇసుక నేలలకు ఇది సరిగ్గా కావలసిన మందు. ఆ నేలల పై పొరలో అల్యూమినియం, ఇనుము దాదాపు ఉండవు. వేసిన భాస్వరాన్ని పట్టి ఉంచే శక్తి ఆ ఇసుకకు లేదు, నీటితోపాటు కిందికి వదిలేస్తుంది. హర్షెల్ ఎలియట్, జార్జ్ ఓకానర్, వాళ్ల సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఆ ఇసుకను గొట్టాల్లో నింపి సూపర్ ఫాస్ఫేట్ వేసి నాలుగు నెలలు నీళ్లు పోశారు. మడ్డి కలపని గొట్టాల్లో వేసిన భాస్వరంలో 21 శాతం కిందికి కారిపోయింది. ఇనుపలవణంతో శుద్ధి చేసిన కేంద్రం మడ్డి కలిపితే 3.5 శాతం, సున్నంతో శుద్ధి చేసినదైతే 2.5 శాతం. పటిక మడ్డి కలిపిన చోట ఒక్క శాతం కూడా దాటలేదు.

ఎన్నాళ్లు నిలుస్తుందన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు పశ్చిమ మిషిగన్ పొలాల నుంచి వచ్చింది. అక్కడ 1998లో హెక్టారుకు 114 టన్నుల మడ్డి ఒక్కసారి వేసి వదిలేశారు. ఏడున్నరేళ్ల తర్వాత మట్టిని తవ్వి చూస్తే నీటిలో కరిగిపోయే భాస్వరం, మడ్డి వేయని మడులకన్నా అప్పటికీ 60 శాతం తక్కువే ఉంది. వ్యవసాయ పరిశోధనలో ఇంత ఓపిక అరుదు. వేసినవారూ, ఏళ్ల తర్వాత వచ్చి మట్టి తీసినవారూ ఒకే జట్టు కానక్కర్లేదు. ఆ మడుల గుర్తులు చెరగకుండా, రికార్డులు పోకుండా చూసినవాళ్లకూ ఈ ఫలితంలో భాగముంది.

ఇంతా చెప్పి, చల్లడం అన్నిచోట్లా మంచిది కాదనీ చెప్పాలి. మడ్డికి చెరువు వేరు, పైరు వేరు అన్న తేడా తెలియదు. పైరుకు కావలసిన భాస్వరాన్నీ పట్టేస్తుంది. 1989లో ప్రచురించిన కొలరాడో ప్రయోగంలో మోతాదు ఎక్కువ చేసి జొన్నగడ్డి పెంచి చూస్తే మొక్కలకు భాస్వరం చాలలేదు. కాబట్టి ఇది భాస్వరం పొంగిపొర్లుతున్న భూములకే. మరో జాగ్రత్త పులుపు నేలల విషయంలో. మట్టి పీహెచ్ అయిదు, అయిదున్నర కిందికి దిగితే అల్యూమినియం కరిగి వేళ్లకు విషమవుతుంది. అలాంటి చోట ముందు సున్నం వేయాలి, తర్వాతే మడ్డి. పైగా హెక్టారుకు 114 టన్నులంటే పదేసి టన్నుల లారీలు పదకొండుకు పైగా. శుద్ధి కేంద్రానికి దగ్గర్లోని పొలానికి సరే, దూరపు పొలానికి డీజిలే తినేస్తుంది.

అందుకే నాకు రెండో దారి మీద మక్కువ ఎక్కువ. పొలమంతా మార్చకుండా, పొలం నీరంతా వచ్చి కలిసే ఒక్క చోట, డ్రెయిన్‌లోనో భూమిలో పాతిన గొట్టం చివరనో మడ్డి పడక కట్టడం. ఇక్కడ రసాయనం సగమే, మిగతా సగం కట్టుబడి. ఎందుకంటే తడి మడ్డికి నీళ్లను పోనిచ్చే గుణం లేదు. తాజా మడ్డిలో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నీరే, అది జిగురు. దాన్ని తెచ్చి కాలువలో వేస్తే కట్ట అవుతుంది తప్ప వడపోత కాదు. నీళ్లు నిలిచి పొలంలోకి ఎగదన్నుతాయి. రేణువు సన్నగా ఉంటే భాస్వరం బాగా పడుతుంది కానీ నీరు కదలదు. లావుగా ఉంటే నీరు పరుగెడుతుంది కానీ పట్టడానికి వ్యవధి చాలదు. పట్టుకోవాలి, పోనివ్వాలి. ఈ రెండింటినీ ఒకే గుప్పెడు మడ్డి చేత చేయించడంలో వీళ్ల చేతి నేర్పంతా ఉంది.

మొదటి సాయం ప్రకృతే చేస్తుంది. మడ్డిని బాగా ఆరనిస్తే గట్టి పలుకులుగా పగులుతుంది. ఒకసారి పూర్తిగా ఎండాక మళ్లీ తడిపినా జిగురుగా మారదు, పలుకు పలుకుగానే ఉంటుంది. చలి దేశాల్లో ఇంకో సౌకర్యం ఉంది. గుంటల్లో మడ్డి శీతకాలం గడ్డకడితే, మంచు పలుకులు పెరుగుతూ అందులోని నీటిని లాగేసుకుంటాయి, ఘనభాగం ఒత్తుకుపోయి గట్టిపడుతుంది. వేసవికి మంచు కరిగి నీరు జారిపోయాక మిగిలేది వడకట్టిన కాఫీ పొడిలాంటి పలుకు. ఏ యంత్రమూ తిప్పకుండా, పైసా కరెంటు కాల్చకుండా వచ్చిన వడపోత పదార్థం! దాన్ని జల్లెడ పట్టి, పొడిని పక్కన పెట్టి, పలుకును ఇసుకతోనో కంకరతోనో కలుపుతారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలెన్ డేవిస్ బృందం వాననీటిని ఇంకించే మొక్కల మడుల మట్టిలో అయిదు శాతం మడ్డి కలిపి కరిగిన భాస్వరాన్ని బాగా తగ్గించగలిగింది. అది పార్కింగ్ స్థలాల నీరు, పొలం నీరు కాదు. అయినా పాలు కుదిర్చే విద్య ఒక్కటే.

కట్టుబడిలో ఎక్కువ ఆలోచన చేసినవాడు చాడ్ పెన్. ఒక్లహామాలో ప్రొఫెసర్‌గా మొదలై, తర్వాత ఇండియానాలో అమెరికా వ్యవసాయ శాఖ నేలకోత ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త. ఇలాంటి కట్టడం ఏదైనా నిలవాలంటే కావలసినవేమిటో ఆయన తేటగా చెప్పాడు. భాస్వరాన్ని పట్టే పదార్థం ఉండాలి, భాస్వరం ఎక్కువున్న నీరు దానిలోంచి చాలినంత వేగంతో పారాలి, నిండాక ఆ పదార్థాన్ని తీసి కొత్తది వేసే వీలుండాలి. ఈ మూడోదే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. పొలంలో చల్లిన మడ్డి పట్టిన భాస్వరం పొలంలోనే ఉంటుంది. డ్రెయిన్ పడకలోది మాత్రం తవ్వి తీసుకుపోవచ్చు. అంటే ఆ నీటిదారి నుంచి భాస్వరం నిజంగా బయటకు వెళ్లిపోయినట్టు.

ఏ పదార్థానికి ఎంత వ్యవధి కావాలో కూడా పెన్ విడదీసి చూపాడు. ఉక్కు కర్మాగారాల చిట్టెం సున్నపుగుణంతో పనిచేస్తుంది. భాస్వరం కాల్షియంతో కలిసి గట్టిపడి నీటి నుంచి విడివడాలి, దానికి నిమిషాల వ్యవధి పడుతుంది. అల్యూమినియం మడ్డి మీద ఫాస్ఫేట్ చోటు మారడం అంతకన్నా చాలా త్వరగా జరిగిపోతుంది. కాబట్టి నీరు వేగంగా పారే చిన్న పడకకు మడ్డి మేలు. ఇనుపలవణపు మడ్డిని మాత్రం డ్రెయిన్ అడుగున వాడేముందు ఆలోచించాలి. నీరు నిలిచి గాలి ఆడకపోతే ఇనుము రూపం మారి కరిగిపోతుంది, పట్టిన భాస్వరాన్ని వదిలేస్తుంది. అల్యూమినియానికి ఆ బలహీనత లేదు. నెలల తరబడి నీళ్లు నిలిచే కాలువలో ఇది చిన్న తేడా కాదు.

కట్టి చూసినప్పుడే తెలిసే పాఠాలూ ఉన్నాయి. మేరీలాండ్ తూర్పు తీరంలో ప్రిన్సెస్ ఆన్ అనే ఊళ్లో విశ్వవిద్యాలయ పరిశోధన క్షేత్రముంది. ఏళ్ల తరబడి కోళ్ల పెంట పడిన ఆ నేలల్లో భాస్వరం నిండుకుండలా ఉంది. రే బ్రయంట్, సహచరులు అక్కడి డ్రెయిన్‌కు అడ్డంగా, మడ్డికి బదులు జిప్సంతో పడక కట్టారు. అందులోంచి పారిన నీటిలో కరిగిన భాస్వరం సగానికి పైగా తగ్గింది. కానీ గట్టి వాన కురిసినప్పుడు నీరు పడకలో పట్టక పక్కదారిన పొర్లిపోయింది. భాస్వరం ఎక్కువగా కొట్టుకొచ్చేది ఆ వానల్లోనే. దాచకుండా ఆ సంగతినీ రాసి ప్రచురించడం వల్ల తర్వాత కట్టినవాళ్లకు పడక ఎంత వెడల్పుండాలో, నీటికి ఎంత వాలు దొరకాలో ముందే లెక్క వేసుకోవాలని అర్థమైంది. డెల్మార్వా లాంటి బల్లపరుపు నేలల్లో ఆ వాలు దొరకడమే కష్టం. మన డెల్టా డ్రెయిన్లు చూసినవారికి ఆ ఇబ్బంది వివరించి చెప్పనక్కర్లేదు.

ఐర్లండ్‌లో యాచ్యన్ జావ్ అనే పరిశోధకుడు ఇంకో తీరుగా ఆలోచించాడు. డబ్లిన్ నగరానికి నీరందించే బాలీమోర్ యూస్టెస్ కేంద్రంలో మడ్డిని యంత్రంతో పిండి గట్టి చెక్కలుగా తీస్తారు. ఆయన ఆ చెక్కల్ని ముక్కలు చేసి తొట్టెల్లో పరిచి, అందులోనే రెల్లు నాటాడు. పశువుల పాకల మురుగును ఆ తొట్టెల్లోకి నింపుతారు, కాసేపుంచి పూర్తిగా దించేస్తారు, మళ్లీ నింపుతారు. దించినప్పుడల్లా ముక్కల సందుల్లోకి గాలి దూరుతుంది, అక్కడ పెరిగే సూక్ష్మజీవులు మురుగులోని మిగతా మాలిన్యాన్ని తినేస్తాయి. భాస్వరం సంగతి మడ్డి చూసుకుంటుంది. ఇసుకో కంకరో పరిచిన మామూలు రెల్లు పడకల్లో భాస్వరం పట్టే శక్తి తొందరగా అయిపోతుంది. ఇక్కడ వేరుకు ఆధారంగా పరిచిన పదార్థమే ఆ పనీ చేస్తోంది. ఒకే వస్తువు రెండు బరువులు మోస్తోంది, అదనపు యంత్రం ఏదీ లేదు. ఈ అమరికలోని పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది.

తెలుగు నేలకు దీనితో పని ఉందా అంటే, ఉంది. మన నగరాల నీటిశుద్ధి కేంద్రాల్లోనూ పటికే వాడతారు, మడ్డి రోజూ దిగుతుంది. డీఏపీ ఎడాపెడా వేసిన భూముల్లో భాస్వరం పేరుకుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులు మనకు కొత్త కాదు. కానీ అమెరికా మోతాదులు తెచ్చి ఇక్కడ చల్లమనడం సరికాదు. మన వానలు నాలుగు నెలల్లో కుమ్మరించే వానలు, మన వరి మళ్లలో నీరు నిలుస్తుంది, మన నేలల్లో చాలావాటిలో సున్నం పాలు ఎక్కువ. మొదలు పెట్టవలసింది ఆ ఆక్సలేట్ పరీక్షతో. ఒక్కో కేంద్రం మడ్డిలో కుదురుకోని అల్యూమినియం ఎంతుంది, భారలోహాలేమైనా ఉన్నాయా, ఎండబెడితే పలుకు కడుతుందా పొడవుతుందా? మన ఎండకు ఆరబెట్టడం మాత్రం కష్టమేమీ కాదు. ఆ తర్వాత చూడవలసింది పొలం కాదు, ముందు కోళ్ల ఫారాల పక్కన పారే కాలువలు. భాస్వరం చిక్కగా ఉన్న కొద్దిపాటి నీటిని పట్టడమే ఈ పడకలకు బాగా వచ్చిన పని. పెద్ద డ్రెయిన్‌లో పలచబడి కలిసిపోయాక అదే భాస్వరాన్ని పట్టాలంటే ఇంకా ఎంతో పెద్ద పడక కావాలి.